మనసు వైద్యానికి బయలుదేరే ముందు

(మాఘమాసపు ఆదివారం సత్సంగ సభలో విజయనగరానికి చెందిన ఒక ఉన్నత పాఠశాల తెలుగు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ వేదిక మీద నుండి మీరు సాధారణంగా పురాణ ప్రవచనం వింటారు. నేను పౌరాణికుణ్ణి కాను. పాతికేళ్లకు పైగా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో పిల్లలకు తెలుగు పద్యం చెప్పుకొని బతుకుతున్నవాణ్ణి. పెద్దలు నన్ను పిలిచి ‘పిల్లల పెంపకం’ మీద మాట్లాడమన్నారు. ఆ విషయం మీద ఉపన్యసించే అర్హత నాకు లేదని విన్నవించి, నాకు తెలిసిన ఒకే ఒక సంగతి చెప్పడానికి అనుమతి కోరాను. ఇంట్లో ఎదిగిన పిల్లకో, మనకో మనసు బాగాలేనప్పుడు వైద్యుని వద్దకు వెళ్లే ముందు ఏమి తెలుసుకొని వెళ్లాలి అన్నదే ఆ సంగతి. ఇందులో నేను చదివి తెలుసుకున్నది కొంత, తప్పుచేసి తెలుసుకున్నది ఎక్కువ.

ముందుగా ఒక మనవి. నేను చెప్పబోయేది మా అమ్మాయి కథ. ఆమె అనుమతితోనే చెబుతున్నాను. ఏది చెప్పవచ్చునో, ఏది చెప్పకూడదో ఒక కాగితం మీద రాసి ఇచ్చింది. ఆ కాగితం నా జేబులో ఉంది. అందులో లేనిదాన్ని సభానంతరం ఎవరు అడిగినా చెప్పను. మన్నించాలి.

2022 దసరా సెలవులకు మా అమ్మాయి ఇంటికి వచ్చింది. అప్పుడు విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతోంది. తిండి తగ్గింది. రాత్రి నిద్ర లేదు, పగలు మంచం దిగదు. స్నేహితురాళ్లు ఫోను చేస్తే ఎత్తదు. ఇవన్నీ నేను చూశాను. చూసి, ప్రయాణపు బడలిక అనుకున్నాను. వారం గడిచిన తరువాత బద్ధకం అనుకున్నాను.

విజయనగరంలో పుట్టిన పిల్లకు పైడితల్లి అమ్మవారి సిరిమాను అంటే ఏమిటో మీకు చెప్పనక్కరలేదు. మూడులాంతర్ల దగ్గరి గుడి నుండి కోట వరకు మూడుసార్లు సాగే ఆ మానును పసితనంలో నా భుజాలమీద కూర్చొని చూసింది. కరోనా కాలంలో తప్ప ఒక్క ఏడూ మానలేదు. ఆ సంవత్సరం అక్టోబరు 11న, మంగళవారం, ఊరంతా వీధుల్లో ఉన్న వేళ, తాను గోడవైపు తిరిగి పడుకొని “మీరు వెళ్లండి నాన్నా” అన్నది.

దానికి నేను ఇచ్చిన జవాబును మా అమ్మాయి కాగితంలో మొదటి వాక్యంగా రాసింది. కింద గీత గీసి, ‘ఇది తప్పక చెప్పాలి’ అని కూడా రాసింది. “నీకేం తక్కువైందని ఈ వేషాలు?” అన్నాను.

తరువాత తెలిసిన ఒక విషయం నన్ను ఇప్పటికీ కలతపెడుతుంది. అంతకు ముందురోజు, అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు, కేంద్ర ప్రభుత్వం ‘టెలీ మానస్’ అనే ఉచిత ఫోను సేవను ప్రారంభించింది. దాని సంఖ్య 14416. రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులో పలుకుతుంది. ఆ రోజు మేము తొలేళ్ల సందడిలో ఉన్నాము. పక్కగదిలో పిల్ల మేలుకొనే ఉంది.

మా అమ్మ మనుమరాలికి దిష్టి తీసింది. రక్షరేకు కట్టించింది. నేను దాన్ని ఎగతాళి చేయను. ఆ దారం కట్టిన చేతిలో నా మాటలోకంటే ఎక్కువ దయ ఉంది. నా తప్పల్లా అది కట్టాం గదా, తగ్గుతుందిలే అని రెండు నెలలు ఊరకుండటం. ఆసుపత్రి మెట్లు ఎక్కేసరికి డిసెంబరు వచ్చింది.

ఇక్కడ చాలామంది మనసులో ఉండే ఒక సందేహం నాకు తెలుసు. దైవాన్ని నమ్మినవాళ్లం, మళ్లీ మనోవైద్యుడెందుకు? ఈ జిల్లావారికి దానికి జవాబు అరసవల్లిలోనే ఉంది. కంటి జబ్బులు, చర్మవ్యాధులు తగ్గాలని సూర్యనారాయణస్వామికి మొక్కుకొనే భక్తులు అక్కడకు వేలాదిగా వస్తారు. ఆదివారం నాటి వరుసలో నిలబడి చూడండి. ఎంతమందికి కళ్లజోళ్లు ఉంటాయో! శుక్లాలు తీయించుకొని, మొక్కు చెల్లించడానికి వచ్చినవారు ఎందరో! కంటి వైద్యుని దగ్గరకు వెళ్లినందుకు స్వామిమీద నమ్మకం తగ్గిందని వారినెవరూ అనరు. కంటికి చెల్లిన న్యాయం మనసుకు ఎందుకు చెల్లదో నాకు ఎవరూ చెప్పలేకపోయారు.

భగవద్గీత మొదటి అధ్యాయం పేరే అర్జున విషాదయోగం. నేను ఎన్నోసార్లు చదివాను గానీ, ఇంట్లో ఈ కష్టం వచ్చిన తరువాత చదివినప్పుడే ఒక విషయం కంటబడింది. ఆ అధ్యాయమంతటిలో శ్రీకృష్ణుడు పలికింది ఒక్క మాటే. సమకూడిన కురువులను చూడమన్నాడు, అంతే. తరువాత అర్జునుడు శరీరం వణుకుతున్నదన్నాడు, నోరు ఎండిపోతున్నదన్నాడు, నిలబడలేనన్నాడు. స్వామి అడ్డురాలేదు. రెండవ అధ్యాయం మొదట్లో ఒకసారి మందలించాడు, ఈ పిరికితనం నీకు తగదని. చూడండి, సాక్షాత్తు భగవంతుడు మందలించినా ఆ మందలింపు పనిచేయలేదు. అర్జునుడు మళ్లీ అదే బాధ చెప్పుకున్నాడు. తనకు దారి తెలియడం లేదని, చెప్పమని తానుగా అడిగాడు. ఉపదేశం ఆ తరువాతే మొదలైంది. నేను మాత్రం సిరిమాను నాడు మందలింపుతోనే మొదలుపెట్టి, దానితోనే ముగించాను.

వెళ్లేముందు తెలుసుకోవలసిన వాటిలో మొదటిది, ఎవరి దగ్గరకు వెళుతున్నామన్నది. మనవాళ్లు అందరినీ కలిపి ‘మెంటల్ డాక్టరు’ అంటారు. సైకియాట్రిస్టు అంటే ఎం.బి.బి.ఎస్. చదివి ఆపైన మానసిక వైద్యంలో పట్టా పొందిన వైద్యుడు. మందు రాసే అధికారం ఆయనది. క్లినికల్ సైకాలజిస్టు మందు రాయరు. పరీక్షలు చేస్తారు, మాటల ద్వారా, అభ్యాసాల ద్వారా చికిత్స చేస్తారు. వారు భారత పునరావాస మండలిలో నమోదై ఉండాలి, నమోదు సంఖ్య ఉంటుంది. ఇక కౌన్సెలర్ అనే మాట ఉన్నదే, అది చాలా విశాలమైనది. రెండేళ్ల కళాశాల చదువు చదివి వచ్చినవారూ ఆ పేరు పెట్టుకుంటారు, నెలరోజుల శిక్షణ పొందినవారూ పెట్టుకుంటారు. కాబట్టి “మీరేమి చదివారు? ఎక్కడ నమోదయ్యారు?” అని అడగడం అమర్యాద కాదు. నిజమైన విద్వాంసుడు ఆ ప్రశ్నకు నొచ్చుకోడు. ఇన్ని రోజుల్లో నయం చేస్తానని పందెం వేసేవారిని, వాడుతున్న మందు మానేయమనేవారిని, దెయ్యం పట్టిందని కొట్టేవారిని, పస్తు పెట్టేవారిని గుమ్మంలోకి రానివ్వకండి. మనసు చెదిరిన మనిషిని గొలుసులతో కట్టివేయడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. ఏ పుణ్యక్షేత్రం పేరు చెప్పినా సరే, అది నేరమే.

మా అమ్మాయిని మొదట ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రిస్టుకు చూపించాము. ఆయన ముందు రక్తపరీక్షలు రాశారు. ‘మనసు బాగాలేదంటే రక్తమెందుకు?’ అనుకున్నాను. థైరాయిడ్ మందగించినా, రక్తం తక్కువైనా, బి12 లోపించినా మనిషి ఇలాగే నీరసించిపోతాడట. మా పిల్లకు థైరాయిడ్ సరిగానే ఉంది, రక్తం తక్కువగా ఉంది. దానికి వేరే మాత్రలు, దిగులుకు వేరే మందు తక్కువ మోతాదులో ఇచ్చి, వారం వారం మాటల చికిత్స కూడా కావాలన్నారు.

మందు గురించి రెండు మాటలు. దిగులుకు ఇచ్చే మందు జ్వరం మాత్రలా సాయంత్రానికి పనిచేయదు. రెండు నుండి ఆరు వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో కడుపులో తిప్పవచ్చు, తలనొప్పి రావచ్చు. చిన్న వయసువారి విషయంలో ఆ మొదటి వారాల్లో కనిపెట్టుకొని ఉండమని వైద్యులు ప్రత్యేకంగా హెచ్చరిస్తారు. మరణించాలన్న ఆలోచనలు కొందరిలో ఆ సమయంలో పెరగవచ్చు. ‘అలవాటైపోతుంది’ అన్న భయం చాలామందికి ఉంది. దిగులు మందులు ఆ జాతివి కావు. నిద్రకు, ఆందోళనకు ఇచ్చే కొన్ని మాత్రలు మాత్రం అలవాటవుతాయి. అందుకే వాటిని చీటీలో రాసినన్ని రోజులే వాడాలి, పక్కింటివారికి పంచకూడదు. ఏ మందైనా తగ్గింది గదా అని మనంతట మనం ఆపకూడదు.

ఇక మాటల చికిత్స. వారానికి ఒకసారి, ముప్పావు గంట నుండి గంటసేపు. మొదటి రెండు మూడు సమావేశాలు వినడానికే సరిపోతాయి. “ఇంత డబ్బు తీసుకొని ఊరికే కబుర్లు చెప్పించుకుంటున్నారేమిటి?” అని నేను ఇంట్లో గొణిగాను. ఆ కబుర్లే పరీక్ష అని నాకు తెలియదు. మా అమ్మాయికి చేసిన పద్ధతిని కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారు. దాని మూలసూత్రం తెలుగులో చెప్పుకోవచ్చు. ఆలోచన, భావన, నడవడి ఒకదానినొకటి లాగుతాయి. పరీక్షలో మార్కులు తగ్గాయి. ‘నేను దేనికీ పనికిరాను’ అన్న ఆలోచన వచ్చింది. దిగులు కమ్మింది. పుస్తకం ముట్టలేదు. మార్కులు ఇంకా తగ్గాయి. ‘చూశావా, పనికిరానని చెప్పానుగా’ అని మనసు సాక్ష్యం తెచ్చింది. ఈ గొలుసులో ఎక్కడో ఒక లంకెను పట్టుకొని సడలించడం ఆ చికిత్స. తరచుగా పన్నెండు నుండి ఇరవై సమావేశాలు పడుతుంది, కొందరికి ఎక్కువ. ఇంటి దగ్గర చేయవలసిన అభ్యాసం కూడా ఇస్తారు. దాచుకొన్న బాధ బయటికి వచ్చేటప్పుడు కొన్నాళ్లు పరిస్థితి విషమించినట్లే కనబడవచ్చు. నాలుగైదుసార్లు వెళ్లిన తరువాత కూడా ఆ మనిషితో మాట కలవకపోతే మరొకరిని చూసుకోవచ్చు. అందులో ద్రోహమేమీ లేదు, వారూ తప్పుపట్టరు.

భాష కూడా చూసుకోండి. గిడుగు రామమూర్తి పంతులుగారు మన ప్రాంతం వారు. సవరల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని తాను సవర నేర్చుకొని, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేసిన మహానుభావుడు. అక్షరం నేర్చుకోవడానికే తల్లిభాష కావలసివస్తే, ఏడుపు చెప్పుకోవడానికి అక్కరలేదా? మా పిల్ల మొదటిరోజు ఇంగ్లీషులో మొదలుపెట్టిందట. తెలుగులోకి వచ్చిన తరువాతే ఏడ్చిందట. ఇది కాగితంలో ఉన్నదే.

ఇప్పుడు నేను చేసిన పెద్ద తప్పు చెబుతాను.

మా సైకాలజిస్టు గారు మొదటిరోజే మా దంపతులిద్దరినీ కూర్చోబెట్టి ఒక నియమం చెప్పారు. లోపల జరిగే సంభాషణ పిల్లది. అది తల్లిదండ్రులకు చేరదు. మూడు సందర్భాల్లో మాత్రం చేరుతుంది, లేదా పైవారికి చేరుతుంది. పిల్ల తన ప్రాణానికి హాని చేసుకొనే ప్రమాదం కనిపిస్తే చెబుతారు. ఇతరులకు హాని చేసే ప్రమాదం ఉంటే చెబుతారు. పద్ధెనిమిదేళ్లలోపు పిల్లలపై లైంగిక అఘాయిత్యం జరిగినట్లు తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. ఇవి తప్ప మిగిలినదంతా ఆ నాలుగు గోడల మధ్యనే ఉంటుంది. “మీకు సమ్మతమేనా మాస్టారూ?” అని అడిగారు. సమ్మతమేనని తల ఊపాను. మెట్లు దిగి బస్సెక్కగానే “ఏమడిగింది? ఏం చెప్పావు?” అన్నాను.

శ్రీకూర్మం ఆలయ ప్రాంగణంలో తాబేళ్లను మీరు చూసే ఉంటారు. పిల్లలు వాటిని వేలితో పొడుస్తారు, తల బయటపెట్టమని. పొడిచినకొద్దీ అది లోపలికే పోతుంది. వారం వారం విశాఖ నుండి విజయనగరం వరకు బస్సులో నేను చేసిన పని అదే. సుమారు 60 కిలోమీటర్ల దూరం, పిల్ల కిటికీవైపే చూస్తూ కూర్చొనేది.

ఫిబ్రవరిలో అంతకంటే పాపం చేశాను. అభ్యాసం కోసం తన ఆలోచనలు రాసుకొనే నోటుపుస్తకం ఒకటి ఉండేది. తాను స్నానానికి వెళ్లిన సమయంలో తెరిచి చదివాను. ఏమి చదివానో కాగితంలో లేదు, చెప్పను. ఆ సాయంత్రమే తాను కనిపెట్టింది. ఏడవలేదు, అరవలేదు. పుస్తకం తెచ్చి నా బల్లమీద పెట్టి, “మిగతాది కూడా చదువుకో నాన్నా” అని వెళ్లిపోయింది. తరువాత ఆరు వారాలు చికిత్సకు రానన్నది. పరీక్షలు ముందున్నాయి. మందు మింగుతోందో లేదో కూడా మాకు తెలియదు.

ఒక శనివారం నేనొక్కణ్ణే విశాఖ వెళ్లాను, పిల్లను ఎలాగైనా రప్పించమని అడగడానికి. ఆమె నా మాట పూర్తిగా విన్నారు. “ఈ గంట మీ అమ్మాయి పేరున ఉంది మాస్టారూ. తను రాలేదు. మీరు కూర్చుంటారా?” అన్నారు. కూర్చున్నాను. “ఆ పుస్తకం తెరిచినప్పుడు మీకు దేనికి భయం వేసింది?” అని అడిగారు.

1994 వేసవిలో ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయి. మా తమ్ముడు తప్పాడు. మూడవ రోజుకు వాడు మాకు లేడు. ఊరికి జ్వరమని చెప్పాము. పోలీసులు వస్తారేమోనని, పరువు పోతుందేమోనని మా నాన్న ఆ మాటే అందరిచేత అనిపించాడు. వాడి ఫోటో ట్రంకుపెట్టెలో అడుగున చేరింది. ఇరవై ఎనిమిదేళ్లు ఇంట్లో ఎవరమూ వాడి పేరు పలకలేదు. మా అమ్మాయికి ఒక చిన్నాన్న ఉండేవాడని కూడా తెలియదు. ఆ శనివారం, పరాయి ఊళ్లో, పరాయి మనిషి ముందు, వాడి పేరు పలికాను. పుస్తకంలో నేను వెతికింది మా పిల్ల మాటలు కావు. తమ్ముడు ఏమీ రాయకుండా పోయాడు. ఆ రాయని ఉత్తరాన్ని వెతికాను.

ఆమె నన్ను వేరొక సైకాలజిస్టు దగ్గరకు పంపారు. తండ్రీ కూతుళ్ల రహస్యాలు రెండూ ఒకే మనిషి దగ్గర ఉండటం ఇద్దరికీ మంచిది కాదన్నారు. నలభై ఎనిమిదేళ్ల వయసులో, తల నెరిసిన తరువాత, తొమ్మిది వారాలు వెళ్లాను. బయట బల్లమీద కూర్చున్నప్పుడు తెలిసినవాళ్లు చూస్తారేమోనని వార్తాపత్రిక అడ్డం పెట్టుకొనేవాణ్ణి. వాల్తేరు అన్న ఊరి పేరునే ఎగతాళి మాటగా వింటూ పెరిగిన తరం మాది. ఆ సిగ్గు అంత సులభంగా పోదు.

ఇది పిల్లల విషయం మాత్రమే కాదని అందుకే చెబుతున్నాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరిని, జీడితోటలను పడగొట్టింది. తోటకు లెక్క కట్టారు. తోటను పెంచినవాడి మనసులో పడిపోయినదాన్ని ఎవరు లెక్క కట్టారు? అదే ఉద్దానంలో డయాలసిస్‌కు మనిషిని తీసుకువెళ్లి, తెచ్చి, మళ్లీ తీసుకువెళ్లే ఇల్లాలిని “నువ్వెలా ఉన్నావమ్మా?” అని ఎంతమంది అడుగుతారు? వలసవెళ్లిన కొడుకుల ఫోనుకోసం ఎదురుచూస్తూ నిద్రమానుకొన్న తల్లులు ఈ సభలోనే ఉంటారు. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, పనిమీద ఆసక్తి చెడితే అది వయసు వల్ల వచ్చిందనో, గ్రహచారమనో సరిపెట్టుకోకండి.

ఎంతమందికి ఉంటుంది ఇది? బెంగళూరు నిమ్హాన్స్ వారు 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుండి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్లు తేలింది. ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో మన రాష్ట్రం లేదు. అయినా అరవైమంది ఉన్న నా తరగతిలో నిలబడి ఆ లెక్క వేసుకొంటే, నలుగురు. హాజరు పిలిచేటప్పుడు ఇప్పుడు ఆ నలుగురెవరా అని చూస్తాను.

చనిపోవాలనుందని పిల్ల అన్నా, అన్నట్లు అనుమానం కలిగినా, సూటిగా, శాంతంగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం నిజం కాదు. ఇంట్లో పురుగుమందులు, ఎక్కువ మాత్రలు ఉంటే తాళం వేయండి. పిల్లను ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. కేసు అవుతుందని మా నాన్నలా భయపడకండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు భావించాలని, శిక్షించరాదని 2017 నాటి చట్టమే చెప్పింది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షన్‌కు చోటే లేదు.

పిల్లలను హాస్టళ్లలో చేర్చే తల్లిదండ్రులకు మరొక సంగతి. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023 జూలైలో 17 ఏళ్ల అమ్మాయి ఒకతె మరణించింది. ఆ తండ్రి న్యాయంకోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2025 జూలై 25న వచ్చిన తీర్పులో న్యాయస్థానం దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. నూరుమంది గానీ, అంతకుమించి గానీ విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ, సామాజిక కార్యకర్త గానీ ఉండాలి. మార్కులనుబట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయరాదు, పదిమందిలో అవమానించరాదు. సహాయ కేంద్రాల ఫోను సంఖ్యలు హాస్టళ్లలో కనబడేలా రాసిపెట్టాలి. చేర్పించే రోజున ఫీజు ఎంత అని అడిగే మనం, “మీ కౌన్సెలర్ ఎవరు? ఒకసారి చూపించండి” అని కూడా అడుగుదాం. అడగని హక్కు చీటీమీదే ఉండిపోతుంది. ఆ తండ్రిని నేను ఎన్నడూ చూడలేదు. తన బిడ్డకు అక్కరకు రానిదాన్ని మన బిడ్డలకోసం సాధించాడు.

ఖర్చు మాట అడుగుతారు. ప్రభుత్వ వైద్య కళాశాలలకు అనుబంధంగా ఉన్న సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉంటాయి. శ్రీకాకుళంలో ఉంది, విజయనగరంలో 2023లో వైద్య కళాశాల వచ్చింది. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉండనే ఉంది. ప్రైవేటులో అయితే ఒక సమావేశానికి ఎంతో, రాలేకపోతే ఎలాగో ముందే అడగండి. మొహమాటపడి మొదలుపెట్టి, నాలుగోవారం డబ్బులేక మానేయడం పిల్లకు ఇంకొక దెబ్బ.

మా ఇంటి సంగతి ముగిస్తాను. నా తొమ్మిది వారాల్లో నాలుగవ వారం తరువాత ట్రంకుపెట్టె తెరిచి, తమ్ముడి ఫోటో మా అమ్మాయికి చూపించాను. వాడి సంగతి చెప్పాను. పుస్తకం తెరిచినందుకు క్షమించమని అడిగాను. చాలాసేపు ఫోటో చూసి, “చిన్నాన్న నాలాగే ఎడమచేతివాటమా?” అని అడిగింది. వాడి చేతిలో కలం ఎడమవైపు ఉంది. నేను ఎన్నడూ గమనించలేదు. ఆ మరుసటి శనివారం తాను తిరిగి చికిత్సకు బయలుదేరింది. నేను బస్సులో ఏమీ అడగలేదు. తగరపువలస దాటిన తరువాత, తానే పల్లీలు కొనమన్నది.

ఆ సంవత్సరం పరీక్షల్లో ఒక సబ్జెక్టు పోయింది. సప్లిమెంటరీలో గట్టెక్కింది. వైద్యవిద్య ఆశ వదులుకొంది, లేక మేము వదులుకొన్నాము. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. 2024 వర్షాకాలంలో మళ్లీ కొన్ని వారాలు చీకటి కమ్మింది. ఈసారి తానే ఫోను చేసి అపాయింట్‌మెంటు తీసుకొంది, తరువాత మాకు చెప్పింది. మళ్లీ వస్తుందా అంటే రావచ్చు. మా అమ్మ కట్టిన రక్షరేకు చేతికి ఇంకా ఉంది. మాత్రల డబ్బా దేవుడి గూటి పక్కనే ఉంటుంది, పిల్ల అక్కడే పెడుతుంది. తమ్ముడి ఫోటో గోడమీదకు వచ్చింది. ఈ ఏడు వాడికి తద్దినం పెట్టాను.

కాగితంలో చివరి వాక్యం ఒకటి మిగిలింది. ‘నంబరు మొదటిసారి చెప్పినప్పుడు ఎవరూ రాసుకోరు నాన్నా, ఆఖరున మళ్లీ చెప్పు’ అని రాసింది. కలం లేనివారికి ప్రసాదాల కౌంటరు దగ్గర చీటీలు ఉంచాము. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.